పాసివ్ వాయిస్ ఎలా చెప్పాలి: ఇంగ్లీషు టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ జిల్లా హైస్కూల్ పిల్లలకు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తోటి టీచర్లు, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకునే యువకులు, పాలమూరు వైపు నుంచి ఫోన్ చేసే మిత్రులు పాసివ్ వాయిస్ గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇంగ్లీషు ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. బోర్డు మీద మాత్రం ఇంగ్లీషులోనే రాయండి.

ఇంటర్మీడియట్ స్థాయి అంటే ఇంటర్ చదివే పిల్లలేనా?

ఇంటర్ అని కాదు. నిన్న ఏం జరిగిందో పాస్ట్ టెన్సులో నాలుగు వాక్యాలు చెప్పగలిగి, చిన్న పేరా చదివి అర్థం చేసుకోగలిగితే చాలు, తొమ్మిదో తరగతి పిల్లైనా, డిగ్రీ విద్యార్థైనా, గ్రూప్స్‌కు చదువుకునే అబ్బాయైనా ఈ స్థాయిలో ఉన్నట్టే. “వాజ్” ఎక్కడ, “వర్” ఎక్కడ అని ఇంకా తడుముకునే వాళ్లకు పాసివ్ మొదలుపెట్టకండి. ముందు ఒక పదిహేను రోజులు ఆ రెండింటి మీదే ఉండండి.

మొదటి పీరియడ్‌లో ఏం చెప్పాలి? యాక్టివ్ వాక్యం రాసి తిప్పి చూపిస్తే సరిపోదా?

మనలో ఎక్కువమంది నేర్చుకున్న పద్ధతి అదే. బోర్డు మీద ఒక యాక్టివ్ వాక్యం. సబ్జెక్టు నుంచి ఒక బాణం కుడికి, ఆబ్జెక్టు నుంచి ఇంకో బాణం ఎడమకు. మధ్యలో “వాజ్”, వెర్బుకు వీ త్రీ (మూడో రూపం), చివర “బై”. మొదటి కొన్నేళ్లు నేనూ ఇలాగే చెప్పాను. పిల్లలు వాక్యాన్ని తిప్పడం బాగానే నేర్చుకున్నారు. పరీక్ష అయ్యాక మాత్రం ఒక్కరు కూడా తమంతట తాము ఒక పాసివ్ వాక్యం రాసింది లేదు. ఒకసారి ఒక అమ్మాయి లేచి అడిగింది: “సార్, రెండిటికీ అర్థం ఒక్కటే అన్నరు కదా, మరి రెండోది ఎందుకు సార్?” ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. నా పాఠం మారింది ఆ రోజు నుంచే.

ఇప్పుడు నా మొదటి పీరియడ్ నాగార్జున సాగర్ డ్యామ్ గేట్లతో మొదలవుతుంది. కృష్ణకు వరద వచ్చినప్పుడు మా జిల్లాలో ఏ హోటల్ దగ్గర నిలబడ్డా వినపడే మాట “సాగర్ గేట్లు ఎత్తిన్రంట.” అది బోర్డు మీద రాసి, “ఎవరు ఎత్తిన్రు?” అని అడుగుతాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. “ఇంజనీర్లు కావచ్చు సార్” అంటారు. “వాళ్ల పేర్లు తెలుసా?” తెలియదు. “తెలియకపోతే ఈ మాటలో ఏమన్నా తక్కువైందా?” ఏమీ తక్కువ కాలేదు. మనకు కావాల్సింది గేట్ల ముచ్చట, ఎత్తినవాళ్ల ముచ్చట కాదు.

అప్పుడు దాని కింద ఇంగ్లీషు వాక్యం రాస్తాను: “ద గేట్స్ హావ్ బీన్ లిఫ్టెడ్.” సాగర్‌కు 26 గేట్లు. అన్నీ ఎత్తితే “ఆల్ 26 గేట్స్ హావ్ బీన్ లిఫ్టెడ్.” ఇక పిల్లలనే అడుగుతాను, ఇట్లాంటి మాటలు ఇంట్లో ఇంకేం అంటారని. తరగతి నిండిపోతుంది. కరెంటు తీసిన్రు. బడి బంద్ పెట్టిన్రు. పింఛన్లు ఇచ్చిన్రు. రోడ్డు తవ్విన్రు. మా మామ బండి ఎత్తుకపోయిన్రు. ఒక్క మాటలోనూ చేసినవాళ్ల పేరు లేదు. చివర ఉన్న “ఇన్రు” ఎవరో కొందరు అని చెప్పి ఊరుకుంటుంది. ఇంగ్లీషుకు ఆ వీలు లేదు, వాక్యం ముందు ఏదో ఒక సబ్జెక్టు ఉండి తీరాలి. చేసినవాడి పేరు చెప్పే పని లేనప్పుడు చేయించుకున్న దాన్నే ముందుకు తెచ్చి నిలబెడుతుంది. పవర్ వాజ్ కట్. ద స్కూల్ వాజ్ క్లోజ్డ్. పెన్షన్స్ వర్ పెయిడ్. ద రోడ్ వాజ్ డగ్ అప్. హిజ్ బైక్ వాజ్ స్టోలెన్.

బాణాలు గీయకుండానే ఆ పీరియడ్ అయిపోతుంది. పాసివ్ కావాల్సిన సందర్భం పిల్లల నోట్లో ముందే ఉంది, దాన్ని ఇంగ్లీషులో ఎలా కూర్చాలో మనం చూపిస్తున్నాం, అంతే.

తెలుగులో “బడు” ఉంది కదా. “చంపబడెను, కట్టబడెను” అని చెబితే తేలిక కాదా?

తేలికగా కనిపిస్తుంది గానీ చెడగొడుతుంది. “ఇచ్చట జిరాక్స్ తీయబడును”, “సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును” అని దుకాణం బోర్డుల మీద చూస్తాం, ప్రభుత్వ నోటీసుల్లో చదువుతాం. ఇంట్లో “అమ్మా, అన్నం వండబడిందా?” అని ఎవరూ అడగరు. పాసివ్ అంటే “బడు” అని చెప్పిన క్షణంలోనే, ఇది ఎవరూ మాట్లాడని భాష అని పిల్లవాడి మనసులో పడిపోతుంది. ఇంగ్లీషులో పాసివ్ అలాంటిది కాదు. పలకరింపులో, వార్తలో, మందు సీసా మీద, బస్టాండు మైకులో ఎక్కడైనా ఉంటుంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. తెలుగులో “బడు, పడు” ఉన్న మాటలన్నీ పాసివ్ కావు. కనబడింది, నిలబడ్డాడు, భయపడ్డాడు, ఇష్టపడ్డాడు. “బడు” సూత్రం నేర్చుకున్న పిల్లలు “హీ వాజ్ స్టుడ్” అని రాస్తారు. తప్పు ఆ పిల్లలది కాదు, మనం ఇచ్చిన సూత్రానిది. కర్మణి ప్రయోగం అనే పేరు, దాని రూపం తెలుగు టీచర్ చెబుతారు. ఇంగ్లీషు పీరియడ్‌లో మనకు అక్కరకు వచ్చేది “ఎత్తిన్రు, ఇచ్చిన్రు, తీసిన్రు”.

“ద ఆక్సిడెంట్ వాజ్ హాపెన్డ్” అని ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ రాస్తారు. ఎందుకు?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. డిగ్రీ అయిపోయినవాళ్లు కూడా రాస్తారు. చేసినవాడు కనిపించకపోతే “వాజ్” పెట్టాలని వాళ్లకు మనమే నేర్పాం. ఆక్సిడెంట్ చేసినవాడు వాక్యంలో కనిపించలేదు. అందుకే “వాజ్” పెట్టారు. వాళ్ల లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది.

దీనికి మందు కూడా “ఇన్రు” లోనే ఉంది. వాక్యాన్ని తెలుగులో అనుకుని, ఆ వస్తువుకు “ను” తగిలించి చివర “ఇన్రు” పెట్టి చూడమంటాను. గేట్లను ఎత్తిన్రు, కుదిరింది. కనుక పాసివ్ వస్తుంది. ఆక్సిడెంటును జరిగిన్రు? కుదరలేదు. కనుక “ద ఆక్సిడెంట్ హాపెన్డ్” అంతే. వానను కురిసిన్రు? కుదరదు. తాతను చనిపోయిన్రు? కుదరదు. కనుక “హి డైడ్”, మధ్యలో “వాజ్” లేదు. బస్సును వచ్చిన్రు? కుదరదు. “ద బస్ అరైవ్డ్.”

ఇక్కడ తెలుగు మనకు ఇంకో పెద్ద సాయం చేస్తుంది. తెలుగులో చాలా క్రియలు జతలుగా ఉంటాయి. పగిలింది, పగలగొట్టిన్రు. విరిగింది, విరగ్గొట్టిన్రు. కాలింది, కాల్చిన్రు. తెరుచుకుంది, తెరిచిన్రు. ఆగింది, ఆపిన్రు. మొదటి మాటలో పని తనంతట తాను అయింది. రెండో మాటలో ఎవరో చేశారు. ఇంగ్లీషులో చాలాచోట్ల రెండిటికీ ఒకే వెర్బు, తేడా అంతా “వాజ్” లోనే. అద్దం పగిలింది అంటే “ద గ్లాస్ బ్రోక్.” అద్దం పగలగొట్టిన్రు అంటే “ద గ్లాస్ వాజ్ బ్రోకెన్.” బస్సు ఆగింది, “ద బస్ స్టాప్డ్.” బస్సును ఆపిన్రు, “ద బస్ వాజ్ స్టాప్డ్.” మన పిల్లలకు ఈ తేడా నాలుక మీద ఉంది. ఇంగ్లీషులో దాన్ని ఎక్కడ వెతకాలో చూపిస్తే చాలు. నేను దీనికి పూర్తిగా రెండు పీరియడ్లు ఇస్తాను. పాసివ్ పాఠం మొత్తంలో ఇంతకంటే విలువైన రెండు పీరియడ్లు లేవని నా నమ్మకం.

వీ త్రీ రాని పిల్లలకు ముందు టేబుల్ మొత్తం బట్టీ పట్టించాలా?

వద్దు. ముప్పై వెర్బులు చాలు. అవి కూడా వాక్యంలోనే రావాలి. కట్, పుట్, షట్ మారవు. బిల్ట్, మేడ్, సెంట్, సోల్డ్ వీ టూ లాగే ఉంటాయి. గివెన్, టేకెన్, రిటెన్, స్టోలెన్, బ్రోకెన్, గ్రోన్ లాంటివి వేరుగా ఉంటాయి కాబట్టి రోజూ చెవిన పడాలి. “కట్టెడ్, పుట్టెడ్” అని వినిపిస్తే వెంటనే ఆపకండి. వాక్యం అయ్యాక సరైన రూపంతో మీరే ఆ వాక్యాన్ని మళ్లీ అనండి.

“అవర్ డిస్ట్రిక్ట్ ఫార్మ్డ్ ఇన్ 2016” అని “వాజ్” మింగేస్తారు. ఎలా మాన్పించాలి?

ఇందులో కొంత తప్పు పత్రికల హెడ్డింగులది. “త్రీ అరెస్టెడ్”, “రోడ్ బ్లాక్డ్” అని హెడ్డింగుల్లో చోటు కోసం హెల్పింగ్ వెర్బు తీసేస్తారు. పిల్లలు అదే పూర్తి వాక్యం అనుకుంటారు. అందుకే నేను హెడ్డింగులు కత్తిరించి తెచ్చి, మింగేసిన మాటను పూరించమంటాను. “త్రీ పీపుల్ వర్ అరెస్టెడ్. ద రోడ్ వాజ్ బ్లాక్డ్.”

జిల్లాల విషయం కూడా మంచి అభ్యాసమే. 2016 అక్టోబర్ 11న మన పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న వచ్చింది. “సూర్యాపేట్ వాజ్ ఫార్మ్డ్ ఇన్ 2016. నారాయణపేట్ వాజ్ ఫార్మ్డ్ ఇన్ 2019.” ప్రతి పిల్లవాడూ తన జిల్లా గురించి ఒక వాక్యం చెప్పాలి. “వాజ్” మరిచిపోయిన వాక్యాన్ని పక్కవాడే పట్టుకుంటాడు.

“బై” ఎప్పుడు పెట్టాలి?

చేసినవాడి పేరే అసలు కబురైతే పెట్టాలి, లేకపోతే వద్దు. నిజంగా వాడుకలో ఉన్న పాసివ్ వాక్యాల్లో ఎక్కువ వాటికి “బై” ఉండదు. మన తరగతి గదుల్లో మాత్రం ప్రతి వాక్యానికీ ఉంటుంది, ఎందుకంటే తిప్పడంతో మొదలుపెట్టాం కాబట్టి.

భూదాన్ పోచంపల్లిని తీసుకోండి. 1951 ఏప్రిల్ 18న అక్కడ వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి ముందుకొచ్చి 100 ఎకరాలు ఇస్తానన్నారు. “హండ్రెడ్ ఏకర్స్ వర్ డొనేటెడ్” అని ఆపేస్తే వినేవాడు వెంటనే “ఎవరు?” అంటాడు. అక్కడ “బై వెదిరె రామచంద్రారెడ్డి” తప్పకుండా కావాలి. సాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. “ద ఫౌండేషన్ స్టోన్ వాజ్ లెయిడ్ బై నెహ్రూ.” ఇదీ అంతే. “మై బైక్ వాజ్ స్టోలెన్ బై ఎ థీఫ్” అంటే మాత్రం చివరి మూడు మాటలు దండగ. బండి ఎత్తుకపోయేది దొంగ కాక ఇంకెవరు?

పోచంపల్లి నేత గురించి రాసేటప్పుడు మరో సంగతి బయటపడుతుంది. పేరా ఆసు యంత్రం (చీర నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టే యంత్రం) గురించి అయితే “ద ఆసు మెషిన్ వాజ్ ఇన్వెంటెడ్ బై చింతకింది మల్లేశం” అనాలి. పేరా మల్లేశం గురించి అయితే “మల్లేశం ఇన్వెంటెడ్ ద ఆసు మెషిన్. హి వాజ్ గివెన్ ద పద్మశ్రీ ఇన్ 2017” అనాలి. దేని గురించి మాట్లాడుతున్నామో అది వాక్యం ముందుంటుంది. యాక్టివ్, పాసివ్ ఎంపిక దాన్నిబట్టే జరుగుతుంది. “రెండోది ఎందుకు సార్?” అన్న ఆ అమ్మాయికి నేను ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇదే.

మనిషి చేస్తే “బై”, పనిముట్టుతో చేస్తే “విత్”. “కట్ విత్ ఎ నైఫ్.” రెండిటికీ తెలుగులో “తో, చేత” కలిసిపోతాయి కాబట్టి ఒకసారి గట్టిగా చెప్పి వదిలేయండి.

ఏ టెన్సుతో మొదలుపెట్టి ఏ వరసలో వెళ్లాలి?

గేట్ల వాక్యంతో పాసివ్‌ను పరిచయం చేసినా, సాధన మాత్రం “వాజ్, వర్” తో. తర్వాత “ఈజ్, ఆర్”. ఆ తర్వాత “హాజ్ బీన్, హావ్ బీన్”. అక్కడి నుంచి “విల్ బీ, కెన్ బీ, మస్ట్ బీ” ఒక్క పీరియడ్ పని. “ఈజ్ బీయింగ్” చివర: రోడ్డు వేస్తున్నరు, “ద రోడ్ ఈజ్ బీయింగ్ లెయిడ్.” పర్ఫెక్ట్ కంటిన్యుయస్‌కు పాసివ్ రూపం వాడుకలో లేనట్టే. దాన్ని పట్టికలో పెట్టి పిల్లలను భయపెట్టకండి.

పేరా రాయించడానికి ఏ విషయం ఇవ్వాలి?

ఏదైనా ఒక పని జరిగే క్రమం ఇవ్వండి. పాసివ్ దానంతట అదే వస్తుంది. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో కొన్నిసార్లు ఒక వస్తువు తయారయ్యే క్రమాన్ని బొమ్మల్లో ఇచ్చి వివరించమంటారు. సైన్సు ప్రయోగాల రికార్డు రాసే పద్ధతీ అదే. మన దగ్గర ఇంతకంటే బాగా తెలిసిన క్రమం ఒకటుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఆ పద్ధతిని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అంటుంది. ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన కాళ్లను, నల్లబడ్డ పళ్లను చూసి పెరిగిన పిల్లలకు ఇది పుస్తకంలో సంగతి కాదు. వాళ్ల ఇంటి సంగతి.

పేరా ఇలా నడుస్తుంది: “లైమ్ అండ్ ఆలమ్ ఆర్ యాడెడ్ టు ద వాటర్. బ్లీచింగ్ పౌడర్ ఈజ్ ఆల్సో యాడెడ్. ద వాటర్ ఈజ్ స్టర్డ్, ఫాస్ట్ ఎట్ ఫస్ట్ అండ్ దెన్ స్లోలీ. ఇట్ ఈజ్ లెఫ్ట్ టు సెటిల్. ద క్లియర్ వాటర్ ఈజ్ ఫిల్టర్డ్.” సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్, కలపడం, తేరనివ్వడం, వడగట్టడం. కలిపేది ఎవరన్న ప్రశ్న ఎక్కడా రాదు. “ఫస్ట్, దెన్, ఆఫ్టర్ దట్, ఫైనల్లీ” అనే నాలుగు మాటలు కూడా ఇందులోనే వచ్చేస్తాయి. ఒక గాజు సీసాలో బురద నీళ్లు తెచ్చి పటిక తిప్పి చూపిస్తే పిల్లలు ఆ వాక్యాలను జన్మలో మరిచిపోరు.

చేనేత ఊళ్లలో అయితే ఇక్కత్ నేతనే తీసుకోండి. “ద యార్న్ ఈజ్ టైడ్. ఇట్ ఈజ్ డైడ్. ద నాట్స్ ఆర్ ఓపెన్డ్. ద క్లాత్ ఈజ్ వోవెన్.” నేతగాళ్ల పిల్లలకు నాకంటే ఎక్కువ తెలుసు, ఆ రోజు వాళ్లే టీచర్లు. ఒక్క జాగ్రత్త: రంగు వేయడానికి వాడే “డైడ్”, చనిపోవడానికి వాడే “డైడ్” పలకడంలో ఒకటే, రాతలో వేరు. బోర్డు మీద రెండూ పక్కపక్కన రాసి చూపించండి.

పాలమూరు టీచర్లకు పిల్లలమర్రి ఉంది. 2018లో ఆ పెద్ద మర్రికి చెదలు పట్టినప్పుడు మనుషులకు పెట్టినట్టే సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. “ద ట్రీ వాజ్ అటాక్డ్ బై టెర్మైట్స్. విజిటర్స్ వర్ నాట్ అలౌడ్. బాటిల్స్ వర్ హంగ్ ఫ్రమ్ ద బ్రాంచెస్. ద ట్రీ వాజ్ సేవ్డ్.” మొదటి వాక్యానికి “బై” ఎందుకుంది, మూడోదానికి ఎందుకు లేదు అని అడగండి. ఆ జవాబు చెప్పిన పిల్లవాడికి పాసివ్ వచ్చినట్టే.

రెండు ఆబ్జెక్టులున్న వాక్యాలు?

“ఐ వాజ్ గివెన్ ఎ సైకిల్” ముందు నేర్పండి. మనిషి ముందు రావడమే ఇంగ్లీషులో ఎక్కువ సహజం. మన పిల్లలు “ఎ సైకిల్ వాజ్ గివెన్ టు మీ” వైపు మొగ్గుతారు. అది తప్పేం కాదు.

“మారీడ్, ఇంట్రెస్టెడ్, బార్న్” కూడా పాసివ్ కిందికే వస్తాయా?

పేరు పెట్టే పని లేదు. “ఐ వాజ్ బార్న్ ఇన్ మిర్యాలగూడ”, “మ్యారీడ్ టు”, “ఇంట్రెస్టెడ్ ఇన్” అని వెంట ఉండే చిన్న మాటతో కలిపి మొత్తంగా నేర్పేయండి. “ఐ బార్న్ ఇన్” మాత్రం వినపడగానే దిద్దండి, ఇంటర్వ్యూలో మొట్టమొదటి వాక్యం అదే కాబట్టి.

పాసివ్ వాడొద్దు, యాక్టివే మంచిది అని కొందరు అంటారు. మరి పిల్లలకు ఏం చెప్పాలి?

పాసివ్ వెనక మనుషులను దాచిపెట్టొచ్చు అన్నది నిజం. “మిస్టేక్స్ వర్ మేడ్” అని రాసిన కాగితంలో తప్పు చేసినవాడు కనబడడు. పై తరగతుల పిల్లలకు నేను ఈ సంగతి తప్పక చెబుతాను, ఇంకో వైపు నుంచి కూడా. “మెనీ డ్యామ్స్ వర్ బిల్ట్” అన్న వాక్యంలో కట్టినవాళ్లు లేరు. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల దగ్గర మట్టి మోసింది, రాళ్లు కొట్టింది పాలమూరు కూలీలు. మా తరగతిలో వాళ్ల మనవళ్లు, మనవరాళ్లు ఉన్నారు. అక్కడ “బై” తీసేయొద్దు. “బిల్ట్ బై ద వర్కర్స్ ఆఫ్ పాలమూరు” అని రాయించండి. ఆ పిల్లలు ఆ వాక్యం రాసేటప్పుడు చేతిరాత కూడా మారుతుంది, నేను చూశాను.

పరీక్షలో “చేంజ్ ద వాయిస్” అనే అడుగుతారు. తిప్పడం నేర్పకపోతే మార్కులు పోవా?

పోవు, కానీ దానికి విడిగా సమయం ఇవ్వాలి. అర్థం తెలిసిన పిల్లవాడికి తిప్పడం రెండు రోజుల పని. తిప్పడమే తెలిసిన పిల్లవాడికి అర్థం చెప్పడం ఏడాది పని. పరీక్ష ముందు పాత పేపర్లు తీసి సాధన చేయించండి. సబ్జెక్టు స్థానంలో “దే, పీపుల్, సమ్‌బడీ” ఉంటే “బై” భాగం వదిలేయొచ్చని, పేరు ఉంటే పరీక్షలో తప్పకుండా రాయాలని చెప్పండి. ప్రశ్నార్థక వాక్యాల్లో పిల్లలు “వాజ్” ను వెనకే ఉంచేస్తారు. “వాజ్ ద గేట్ ఓపెన్డ్?” అని ముందుకు తేవడం నాలుగైదు సార్లు పైకి అనిపించండి.

“గాట్ కాట్, గాట్ హర్ట్” అనొచ్చా?

మాట్లాడేటప్పుడు అనొచ్చు. పరీక్షలో, దరఖాస్తులో “వాజ్” తోనే రాయమనండి.

మొత్తం ఎన్ని పీరియడ్లు పడుతుంది?

నాకు పది పడుతుంది. సాగర్ గేట్లకు ఒకటి, “వాజ్, వర్” సాధనకు రెండు, పగిలింది పగలగొట్టిన్రు జతలకు రెండు, “బై” కి ఒకటి, మిగతా టెన్సులకు రెండు, పేరా రాతకు రెండు. పరీక్ష సాధన దీనికి బయట. వీలైతే ఆగస్టులో పెట్టుకోండి. పైనుంచి వరద వచ్చిన ఏడాది పేపర్లో రోజూ గేట్ల వార్త ఉంటుంది. పిల్లలే ఆ కాగితం ముక్క పట్టుకుని, ఇయాల ఎన్ని ఎత్తిన్రో ఇంగ్లీషులో చెప్పుకుంటూ క్లాసులోకి వస్తారు.